నెలలు నిండని బిడ్డ – తల్లి యెద

నెలలు నిండక పుట్టిన శిశువునకు చలియే తొలి శత్రువు. ఒంట క్రొవ్వు లేదు, పాలు చీకుటకు సత్తువ లేదు. అట్టి పసికందుకు వెంటనే నీళ్లు పోసి చేటలో పండబెట్టుటయు, పురిటిమైల పేర ఇంటివారు తల్లీబిడ్డలను తాకకుండుటయు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములందలి మా బంధువుల యిండ్లలో మేము చూచినదే.

1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే అను వైద్యుడు, వెచ్చని పెట్టెలు చాలకపోగా, బిడ్డలను తల్లుల యెదలకే కట్టించెను. అయినను బిడ్డ తేరుకొనిన పిదపనే యిది తగునని వైద్యలోకము చాలకాలము తలచినది. ఆ తలపునకు 2021లో వెలువడిన పరీక్షాఫలము బదులు చెప్పినది. మన ఢిల్లీతోపాటు నాలుగు ఆఫ్రికా దేశముల ఆసుపత్రులలో, కిలో మొదలు 1.8 కిలోల లోపు తూగు బిడ్డలను పుట్టిన వెంటనే యెదకు చేర్పగా నెలలోపల నూటికి 12 మంది మరణించిరి. తేరుకొనువరకు ఆగినచోట దాదాపు 16 మంది. తల్లి యలసినపుడు ఇంటివారే తమ యెదకు హత్తుకొనిరి.

ఆసుపత్రి వలదని మా మాట కాదు. అచ్చట బిడ్డ ప్రక్కనే తల్లికి మంచము నడుగుడని మా మాట. చదువరులారా, మైల యని వెనుదీయు చేతులలోనే ఆ బిడ్డ ప్రాణమున్నది.