కరకట్టపై నాగిన కారు

విజయవాడలో బందరు రోడ్డున సంచరించువారెల్లరు బెంజి సర్కిలను కూడలి నెఱుగుదురు. బెర్తా బెంజి యను నిల్లాలిని గూర్చి విన్నవారు మాత్రము కొలదిమందియే. 1888 ఆగస్టు నెలలో ఆమె, తన భర్త కార్ల్ బెంజి నిర్మించిన మూడు చక్రముల మోటారు బండిని, ఆయనకు ముందుగా చెప్పకయే, ఇరువురు కొడుకులను వెంటబెట్టుకొని, జర్మనీ దేశమున మాన్‌హైము పట్టణమునుండి ఫోర్ట్స్‌హైములోని పుట్టినింటికి నడుపుకొనిపోయెను. దూరము సుమారు 106 కిలోమీటర్లు. అంతకుముందు మోటారు బండి యంత దూరము పోయి యెఱుగదు. త్రోవలో ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా టోపీకి గ్రుచ్చు సూదితో దానిని తెఱచెను. బ్రేకు చెక్కలరిగిపోగా తోలుపనివానిచేత వానికి తోలు తొడిగించెను. ఇంధనమును మందుల దుకాణమున కొనెను. యంత్రము వేడెక్కకుండుటకై దారిలో దొరకిన నీటినెల్ల పోయుచు వచ్చెను. మోటారు బండి చేసిన మొదటి దూరప్రయాణమును, దారిలో దానికి జరిగిన మరమ్మతులును ఒక స్త్రీ చేతిమీదుగనే సాగినవి.

నేడు మన సోదరీమణులలో కారు నడుపువారు పలువురు కలరు. అయినను బాడుగ కారులో కుటుంబమంతయు యాత్రకు బయలుదేరినపుడు మన స్థానము వెనుక సీటునందే. బండి ఆగినచో పురుషులు దిగి, ముందరి మూత యెత్తి, చుట్టును జేరుదురు. మనకు మాత్రము "మీరు లోపలే కూర్చోండి" అని యుత్తరువగును. ఎడ్లబండిలో పుణ్యక్షేత్రములకు పోయిన మన అవ్వలకు యంత్రము మఱుగున లేదు. ఇరుసు కనబడుచుండెడిది, చీల కనబడుచుండెడిది, కందెన బుడ్డి బండి క్రిందనే వ్రేలాడుచుండెడిది. ఎక్కడ చెడినదో కంటికి దోచుటచే, చేయవలసిన పని బండిలోని వారందఱికిని తెలియుచుండెడిది. కారునందు యంత్రమంతయు మూతక్రింద దాగినది. దానితోపాటు మన తెలివికిని మూత పడవలెనా యని మాకు సందేహము.

గడచిన మాఘపూర్ణిమకు హంసలదీవి పోవలెనని మా అత్తగారు సంకల్పించిరి. కృష్ణవేణి సముద్రమును గలియు తావునకు సమీపమున నున్న యా గ్రామమున వేణుగోపాలస్వామి కోవెల కలదు. మాఘపూర్ణిమనాడు సంగమమున స్నానమాడుటకు వేలకొలది జనులు వత్తురు. నల్లని కాకి యచట మునిగి తెల్లని హంసయై లేచెనని స్థలకథ. అత్తగారికి డెబ్బదియేండ్లు దాటినవి. మధుమేహముచే ప్రతిదినము ఇన్సులిను సూది వేసికొనక తప్పదు. ఆమెయు, మావారును, పదేండ్ల కుమారుడును తోడుగా ఉదయము ఎనిమిదిన్నరకు బాడుగ కారులో బయలుదేరితిమి. పండుగనాడు ఉయ్యూరు, పామఱ్ఱుల మీదుగా పోవు పెద్దదారి రద్దీగా నుండునని తలచి డ్రైవరు కరకట్ట దారి పట్టెను.

ఆ దారి యందము చెప్పనలవి కాదు. ఒకవైపున ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయగా కృష్ణ. రెండవవైపున అరటి, కంద, చెఱకు తోటలును, కోతకు వచ్చిన పసుపు మడులును, వాని కావల మినుము చేలును. కాని కరకట్ట నిజమునకు రోడ్డు కాదు. నదిని ఊళ్లమీదికి రానీయక ఆపుటకు వేసిన మట్టికట్ట. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశము బ్యారేజీనుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు క్రిందికి పాఱినపుడు నదికిని ఊళ్లకును నడుమ నిలిచినది ఇట్టి కట్టయే. నీరాపుట దానికి మొదటి పని. బండ్లను మోయుట రెండవది. కావుననే దాని వెడల్పు తక్కువ. రెండు ప్రక్కల వాలు. బండిని ప్రక్కకు దీసి నిలుపుటకు చోటరుదు.

తోట్లవల్లూరు దాటితిమి. ఆంధ్రవిష్ణువు కోవెలగల శ్రీకాకుళమునకు ఇంకను కొంత దూరముండగా డ్రైవరు ముందున్న పలకపై వేడిని జూపు ముల్లు ఎఱ్ఱగీటు మీదికి పోయెను. "అమ్మా, పొగ!" అని మా కుమారుడఱచెను. అది పొగ గాదు, ఆవిరి. దానితోపాటు ఒక తీపివాసనయు వచ్చెను. యంత్రము చుట్టును తిరుగు నీటిలో కలుపు కూలెంటు మందు వాసన యది. అట్టి వాసన వచ్చినచో ఎక్కడనో గొట్టము చిరిగి నీరు కాఱుచున్నదని తెలిసికొనవలయును.

"ఇంకో నాలుగు కిలోమీటర్లు పోతే ఊరొస్తుందండీ, మెల్లిగా లాగించేస్తా" అని డ్రైవరు అనెను. పండుగ బాడుగలు పోవునని యాతని యాతురము. కాని యంత్రమునకు నీరు లేక నాలుగు కిలోమీటర్లనగా, అడుగంటిన గిన్నెను ఇంకను పొయ్యిమీద నుంచుట వంటిదే. వేడికి లోహము వంకరపోవును. పై భాగమునకును క్రింది భాగమునకును నడుమనుండు గాస్కెట్టు కాలిపోవును. వందల రూపాయల పని వేలమీదికి వచ్చును. ఎదుటనే ఊరిలోనికి దిగు ర్యాంపు కనబడుచుండెను. ఆ మలుపున కారును కట్టపైనుండి దింపించి, యంత్రమాపించి, చేతిబ్రేకు వేయించితిమి. వెనుక వచ్చువారికి తెలియుటకై నిలుపవలసిన ఎఱ్ఱని ముక్కోణపు పలక యా కారులో లేదు. మావారు ఒక చెట్టుకొమ్మ విఱిచి యేబదియడుగుల వెనుక నిలిపిరి. చక్రములకు రాళ్లు పెట్టించితిమి. అందఱము దిగి కారునకు దూరముగా ఒక వేపచెట్టు నీడకు పోయితిమి. ఆగిన కారులో కూర్చుండుట రెండు విధముల ప్రమాదము: వెనుకనుండి బండి వచ్చి తగులవచ్చును, మూసిన కారు ఎండలో కొలది నిమిషములకే పొయ్యివలె కాగును. ముసలివారిని, పసివారిని అందుంచరాదు. ఇన్సులిను సీసానుగూడ అందుంచరాదు.

మావారు నీళ్లసీసా తీసికొని, మూత విప్పుటకు రేడియేటరు వద్దకు పోయిరి. ఒత్తిడి పెరిగినకొలది నీరు మఱుగు వేడియు పెరుగునని తొమ్మిదవ తరగతి పిల్లలకు పాఠము చెప్పువారే! "కుక్కరు దించిన వెంటనే మూత తీయుదుమా?" అని మేము కేకవేయగా ఆగిరి. రేడియేటరులోను అదియే న్యాయము. నూఱు డిగ్రీలకు మించియు మఱుగక ఒత్తిడిలో నున్న నీరు, మూత వదులైనంతనే ఆవిరియై మొగము మీదికి చిమ్మును. అంతేకాదు, కాగిన లోహముపై చన్నీరు పడినచో నది పగులవచ్చును. అరగంటకు తక్కువ గాకుండ చల్లారనిచ్చి, మందపు గుడ్డ కప్పి, కొంచెము కొంచెముగా మూత త్రిప్పవలయును. యంత్రముతో చేయదగిన పనులలో కష్టమైనది యిదియే: ఏమియు చేయక కూర్చుండుట.

అట్లు కూర్చుండగా మా చూపు కారుమీదినుండి అత్తగారిమీదికి మఱలెను. పండ్రెండు కావచ్చెను. నీడలోనే యున్నను ఆమె నుదుట చెమట పట్టెను. చేతులు సన్నగా వణకుచుండెను. అడిగిన మాటకు వేఱు మాట చెప్పుచుండిరి. మాకు గుండె ఝల్లుమనెను. ఉదయము ఏడింటికి సూది వేసికొని రెండిడ్డెనలు తినిరి. పదింటికి పండు తినవలసియుండగా, "తరువాత తింటాను" అని సంచిలో నుంచుకొనిరి. సంగమస్నానమగువఱకు మఱేమియు ముట్టనని మాకు తెలియనీయక మ్రొక్కుకొన్నారట. సూదిలోని మందు పనిచేయుచునే యున్నది. దానికి తగిన అన్నము లోపల లేదు. వ్రేలి నెత్తురు పరీక్షించగా చక్కెర 58 అని యంత్రము చూపెను.

కాఫీకై తెచ్చుకొన్న పంచదార మూడు చెంచాలు నీట కలిపి త్రాగుమంటిమి. "స్నానం కాకుండా వద్దమ్మాయీ" అని మొగము త్రిప్పుకొనిరి. శరీరము నిలిచిననే గదా ధర్మమని మేము చదివిన శాస్త్రమంతయు చెప్పితిమి. ఫలింపలేదు. ఇంకను ఆలస్యమైనచో స్పృహ తప్పును. స్పృహ తప్పినవారి నోట నేమియు పోయరాదు. 108కి ఫోను చేయుమని మావారికి చెప్పి, మఱల బ్రతిమాలుచుంటిమి.

పసుపు తోటలోనుండి కట్టమీదికి వచ్చిన యొక రైతుటిల్లాలు మా మాటలు వినుచు నిలిచియుండెను. ఆమె మాతో నేమియు అనక, గబగబ ఏటివైపు దిగి, చెంబెడు నీరు తెచ్చి అత్తగారి ముందు కూర్చుండెను. "మామ్మగారూ, సముద్రంలో కలిసేది ఈ కృష్ణమ్మే గదండీ. ముందు ఇక్కడికి వచ్చాకే అక్కడికెళ్తది. తల ఒగ్గండి" అని నీరు చల్లెను. అత్తగారు కన్నులు మూసికొని, చేతులు జోడించి, మఱుక్షణమున గ్లాసు నందుకొనిరి. పావుగంట తరువాత మఱల చూడగా చక్కెర 84. అరటిపండును, పెరుగన్నమును తినిపించితిమి. మాటలు తేటపడెను. బయలుదేరిన అంబులెన్సువారికి అక్కఱ తీరినదని చెప్పి, వందనములు తెలిపితిమి.

ఆ యిల్లాలి కొడుకు మోటారు సైకిలుపై పోయి ట్రాక్టర్లు బాగుచేయు మెకానిక్కును తీసికొనివచ్చెను. రేడియేటరు పైగొట్టము, పట్టీ బిగించినచోట, అంగుళము మేర చిరిగినది. క్రొత్త గొట్టమచట లేదు. ఆతడు చిరిగిన కొనను కత్తితో సమముగా కోసి, మిగిలిన గొట్టమును లాగి తొడిగి, పట్టీని మఱల బిగించెను. మా కుమారుడు బోరునీరు పట్టబోగా, "ఉప్పునీళ్లు వద్దు బాబూ, లోపల పేరుకుంటది" అని వారించి, త్రాగునీటి డబ్బా తెప్పించి పోసెను. మూత తీసియే యంత్రమును కొంతసేపు నడిపి, బుడగలు పోయి నీరు నిలుకడయగువఱకు చూచెను. తోడిన పని చిన్నదే, తెలిసిన పని. అడిగిన నాలుగువందలును ఇచ్చితిమి. "ఇది చల్లపల్లి దాకానే. అక్కడ కొత్త గొట్టం వేయించండి. ఏసీ వేయకండి, ముల్లు మీద కన్నుంచండి" అని చెప్పి పంపెను. కదలుటకు ముందు చక్రములక్రింది రాళ్లను, చెట్టుకొమ్మను మేమే తీసి కట్టక్రింద పాఱవేసితిమి. బండి బాగుకాగానే రాళ్లను రోడ్డుమీద విడిచి పోవువారెందఱో. రాత్రి సైకిలుపై వచ్చువారికి అవి ప్రాణాంతకములు.

చల్లపల్లిలో క్రొత్త గొట్టము వేయించునప్పటికి నాలుగున్నర దాటెను. సంగమము ఇంకను దూరమున నున్నది, చీకటి పడకముందు చేరుట కష్టము, అత్తగారు అలసియున్నారు. మావారామెను అడుగుటకు జంకుచుండగా ఆమెయే, "ఇంటికి పోదాంరా అబ్బాయీ. కాకి హంస కావడానికి సముద్రం దాకా పోనక్కఱలేదని తెలిసింది గదా" అని నవ్విరి. కూచిపూడి, పామఱ్ఱుల మీదుగా ఇల్లు చేరితిమి.

కైకేయి పేరు విన్న వెంటనే మనకు రెండు వరములు జ్ఞప్తికి వచ్చును. అవి యేల వచ్చినవో జ్ఞప్తికి రాదు. దేవాసుర యుద్ధమున మూర్ఛిల్లిన దశరథుని ఆమె రణభూమినుండి తప్పించి కాపాడెనని వాల్మీకి చెప్పెను. రథపు ఇరుసు విఱుగగా ఆమె తన చేతిని అడ్డుపెట్టెనను కథయు జనులలో కలదు. రథమెక్కిన స్త్రీ రథపు సంగతి నెఱిగియుండుటచే నాడు ఒక ప్రాణము నిలిచినది. ఇరుసు మాఱినది, యంత్రము మాఱినది. బండిలో కూర్చున్నవారి ప్రాణము మాఱలేదు.

కావున సోదరీమణులకు మా మనవి. బాడుగ కారెక్కుటకు ముందే ముక్కోణపు పలక, అదనపు చక్రము, నీరు ఉన్నవా యని నోరు విప్పి అడుగుడు. జాతీయ రహదారిపై బండి ఆగినచో 1033 అను నంబరునకును, ఏ దారిలోనైనను ఆపద కలిగినచో 112కును ఫోను చేయవచ్చునని పిల్లలకు గూడ నేర్పుడు. ఇంటిలో మధుమేహమున్నవారు వెంట వచ్చునపుడు వారి మ్రొక్కులేవో ముందుగా అడిగి తెలిసికొనుడు. పూర్తి యుపవాసము తలపెట్టినచో వైద్యుని సలహా లేక కదలనీయకుడు. పులిహోర మూటతోపాటు పొడి పంచదార పొట్లమును, మందపు తువాలును, రెండు పెద్ద సీసాల మంచినీటిని కట్టుకొనుడు. బండి ఆగిన వెంటనే ముందు మనుష్యులను లెక్కింపుడు, వారెట్లున్నారో చూడుడు. ముందరి మూత యెత్తుట ఆ తరువాతి పని.