నులకతాడు కుక్క

మొన్న మా కాలేజీ గేటు దగ్గర ఓ నల్లకుక్క దొరికింది. మెడలో బెల్టు లేదు, నులకతాడు ముక్క ఉంది. రెస్క్యూ పిల్లలు స్కానర్ పెట్టి చూశారు. చిప్ ఉంటే 15 అంకెల నంబరు వచ్చేది. రాలేదు. ఫొటో, చోటు, టైము రాసి ఆన్‌లైన్లో పెట్టారు. ఒక గుర్తు మాత్రం కావాలనే దాచారు.

"తాడు కట్టిన కుక్క కోసం ఎవరొస్తారు సార్?" అన్నారొకరు.

నాకు మా వాడ గుర్తొచ్చింది. పోస్టుని ప్రింటు తీసి రేషన్ షాపు, టీకొట్టు దగ్గర అంటించాం. మూడోరోజు, రోడ్లూడ్చే ఓ పెద్దమ్మ వచ్చింది. ఫోన్లో ఫొటో లేదు. టీకా కార్డూ లేదు.

"నీదేనని ఎట్లా తెలుస్తుందమ్మా?"

"పొట్ట కింద వేలెడంత తెల్లమచ్చ ఉంటది బాబూ."

దాచిన గుర్తు అదే.

కార్డే అడిగుంటే ఆ కుక్క ఇల్లు చేరేది కాదు. మిత్రులారా, పోస్టు పెట్టేటప్పుడు ఒక గుర్తు దాచండి. వాడలో గోడకి కూడా అంటించండి.

జై భీమ్.