వెడియుప్పూ, కలుపు గింజా

మా ఊరు ఏళాయిరంపన్నై. తెలియనివాళ్ళకి "సాత్తూరు దగ్గర, పటాకుల ఊరు" అని చెప్తాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అమ్మ పటాకుల పనికి పోతుంది, అవ్వ కలుపు తీతకి. ఇద్దరి కూలీ ఒకే ఉప్పుతో ముడిపడి ఉందని నాకు ఈ ఏడే తెలిసింది.

మా ఊళ్ళో దాన్ని వెడియుప్పు అంటారు. తెలుగు పుస్తకాల్లో సురేకారం, సైన్సులో పొటాషియం నైట్రేట్. నల్లమందులో నూటికి 75 పాళ్ళు అదే, 15 బొగ్గు, 10 గంధకం. విత్తన పరీక్షలు చేసేచోట, ఎంత తడిపినా మొలవని గింజల్ని లేపడానికీ ఇదే ఉప్పు వాడతారట: లీటరు నీళ్ళకి 2 గ్రాములు.

చేలో దాన్ని ఎవరూ చల్లక్కర్లేదు. ఎండాకాలమంతా బీటలు వారిన కరిసల్ నేల మీద మొదటి వాన పడగానే, మట్టిలోని సూక్ష్మజీవులు ఒక్కసారిగా లేచి, ఎండుటాకునీ పేడనీ కుళ్ళబెట్టి నైట్రేట్ చేస్తాయి. నాలుగైదు రోజుల్లో నేలంతా పచ్చగా కలుపు.

నైట్రేట్ గింజకి తిండి అనుకున్నాను. కాదు, తిండి గింజలోనే ఉంది. ఇది కబురు. పైన మొక్కలుంటే వాటి వేళ్ళు నైట్రేట్‌ని పీల్చేస్తాయి. మట్టిలో మిగిలి ఉందంటే అక్కడ చోటు ఖాళీ అని. అరబిడాప్సిస్ అనే ఆవజాతి అడవి మొక్కలో ఈ కబురు మోసే ప్రోటీన్‌ని 2016లో కనిపెట్టారు. కబురు అందితే, గింజని నిద్రపుచ్చే అబ్సిసిక్ ఆమ్లం తగ్గిపోతుంది. దున్నినప్పుడు పైకొచ్చిన గింజకి వెలుతురు కూడా తోడైతే ఇంక ఆగదు. అన్ని గింజలూ ఇలా కాదు. తంగేడు గింజ పెంకు గట్టిది, ముందు నీళ్ళు లోపలికి పోవాలి. దానికి ఏ ఉప్పూ పనికిరాదు. (బోటనీ అక్కలు తప్పుంటే దిద్దండి.)

ఇదంతా చదవకుండానే అవ్వ నాయనతో ఏటేటా వాదం వేసుకుంటుంది. "మొదటి వానకి కలుపు మొలవనీరా. దాన్ని దున్నేసి, అప్పుడు వెయ్యి." నాయన ఒప్పుకోడు. మా వైపు వానలే నాలుగు; ఒకదాన్ని కలుపుకిస్తే పంటకేం మిగులుతుంది? కోవిల్‌పట్టి పరిశోధనా కేంద్రం వాళ్ళు కూడా వానకి ముందే పొడి దుక్కిలో విత్తమంటారు. అది 1901 నుంచీ ఉన్నది, మెట్ట సేద్యం బాగా తెలిసినవాళ్ళు. నాయన మాటలో న్యాయముంది. కానీ ఆ తర్వాత ఎండలో నడుం వంచి కలుపు తీసేది అవ్వా, అవ్వలాంటి ఆడవాళ్ళే. వాళ్ళ నడుం నొప్పి ఏ లెక్కలోకీ రాదు.

ఈసారి మినుము చేలో అర ఎకరం అవ్వ మాటకి వదిలాడు నాయన. మిగతాదంతా పొడి దుక్కిలోనే వేశాడు. దీపావళి సెలవులకి వెళ్ళినప్పుడు రెండు చోట్లా కలుపు తీతకి ఎన్ని కూలీలయ్యాయో, కాపు ఎలా ఉందో రాసుకొస్తాను. అవ్వ అప్పుడే పక్కింటివాళ్ళతో పందెం కాసిందట.