ఏడ్పుపాటను గూర్చి మా యింట పుట్టిన తగవు

బాన్సువాడ ప్రాంతమున మా డోంగ్లి గ్రామము మూడు భాషల కూడలియందున్నది. సంతలో తెలుగున మొదలైన బేరము మరాఠీలో సాగి కన్నడమున ముగియుట ఇచ్చట వింత గాదు. 2022లో మాది మండలకేంద్రమైనది. ఇన్ని మాటలకలవాటుపడిన చెవులు క్రొత్త ధ్వనికి బెదరవని మేమనుకొనుచుంటిమి. ఆ గర్వము 2024 వేసవిలో అణగినది.

ఆ యేడు మాఘమాసమున మా చెల్లెలు గతించెను. ఆమె కొడుకు హైదరాబాదున చదువుకొనుచున్నవాడు. మూడవ మాసికమునకు మా యింటికి వచ్చెను. భోజనములైన పిదప మేడగదినుండి ఒక గర్జన వినవచ్చినది. పులియా, దున్నపోతా, మనుష్యుడా తెలియలేదు. మేము గబగబ మెట్లెక్కి, "తల్లి మాసికమునాడు ఈ రాక్షసపు కూతలేమిరా!" యని కసరితిమి. వాడు బదులాడక ఆపివేసెను. వాని కన్నులెర్రగానుండుట చూచితిమి గాని నిద్రలేమియని తలచితిమి. మా తెలివి అట్టిది.

క్రిందినుండి మా తల్లి కేకవేసెను. "ఎందుకు కసురుతవురా? ఏడ్వనియ్యి."

"ఏడ్చునది యెవరమ్మా? వీడా, ఆ పాటలోనివాడా?"

"ఇద్దరూ."

ఎనుబదియేండ్ల యాడుది, ఆంగ్లమున నొక్క ముక్క రానిది, మెట్లక్రింద కూర్చుండి పట్టిన సంగతి మేము గది గడపలో నిలిచి పట్టలేకపోతిమి. సిగ్గుపడి, సాయంకాలము అరుగుమీద అందరము విందమని మేమే యంటిమి.

వాడు వినిపించినది ఇంగ్లండుదేశపు 'మై డయింగ్ బ్రైడ్' అను బృందము 2024 ఏప్రిలు 19న వెలువరించిన 'ఎ మోర్టల్ బైండింగ్' అను ఆల్బము. ఏడు పాటలు, ఇంచుమించు గంటసేపు. బృందము పేరునకు 'చనిపోవుచున్న నా పెండ్లికూతురు' అని యర్థము చెప్పగానే మా యింటావిడ, "ఇటువంటి పేరు వద్దనుటకు వాండ్లకు పెద్దలెవ్వరును లేరా?" యనెను.

ఈ జాతి సంగీతమును 'డెత్ డూమ్ మెటల్' అందురట. దీని పుట్టుక వినదగినది. బర్మింగుహాము పట్టణమున టోనీ అయోమీ యను యువకుడు రేకుల కార్ఖానాలో పనిచేయుచు, పదునేడవ యేట యంత్రమున పడి కుడిచేతి రెండు వ్రేళ్ళ కొనలు పోగొట్టుకొనెను. ఎడమచేతివాటపు గిటారువాడగుటచే తీగలనదుమవలసినవి ఆ వ్రేళ్ళే. కరగించిన ప్లాస్టికు సీసాతో తొడుగులు చేసికొని మరల వాయింప మొదలిడెను. కొంతకాలమునకు, వ్రేళ్ళకు శ్రమ తగ్గునని తీగలను వదులుచేసెను. తీగ వదులైనకొలది శ్రుతి దిగును, నాదము బరువెక్కును. వారి 'బ్లాక్ సబ్బత్' బృందపు మొదటి ఆల్బము 1970లో వచ్చినది. ఆ మందగతినుండి 'డూమ్' పుట్టినది. ఇరువదియేండ్ల తరువాత, ఉన్నిమిల్లులు మూతపడిన హాలిఫాక్సు, బ్రాడ్‌ఫర్డు పట్టణముల యువకులు, లివర్పూలువారును, ఆ మందగతికి 'డెత్' మెటల్‌లోని గొంతుగర్జనను జోడించిరి. 1988లో 'పారడైజ్ లాస్ట్', 1990లో ఈ 'మై డయింగ్ బ్రైడ్' అట్లేర్పడినవే. ఈ రెండవవారు వయొలినును గూడ దెచ్చి కలిపిరి.

ఇక శ్రోతల మాట. మొదటి పాటలోని గర్జన వినగానే ప్రక్కయింటి విశ్రాంతోపాధ్యాయులు లేవబోయిరి. భవభూతి కరుణమే మూలరసమన్నవాడైనను, ఆ కరుణము ఆస్వాదమున మధురముగా నుండవలెననియు, గొంతు చించుకొనుట కళ గాదనియు వారి తీర్పు. మేనల్లుడు మెల్లగా, "మాటలు రానప్పుడు గొంతెట్లుండునో అది అట్లున్నది సారూ" అనెను. వారు బదులీయలేదు, కూర్చుండిరి మాత్రము. మా యింటావిడకు గర్జన సరిపడలేదు గాని వయొలిను సరిపడెను. మా చిన్నవానికి పాట మరీ నెమ్మది. ఎగురుటకు పనికిరానిది వానికి సంగీతమే గాదు. అల్లుని మిత్రులలోను ఇట్టి వాదములే యట: కొందరికి గర్జన హెచ్చవలెను, కొందరికి సామాన్యకంఠము. 1998లో ఈ బృందము దారిమార్చి ప్రయోగము చేయగా అభిమానులు పలువురు కోపించిరట. ఏడ్పునకు గూడ ఇంత మర్యాదాశాస్త్రము!

మా తల్లి కన్నులు మూసికొని వినుచుండెను. "ఇది పాడెతోని నడిచే నడక" అని, వాకిటివైపు చూచి, "వాన్ని పిల్వున్రి, వానికి ఎర్కుంటది" అనెను.

వాడనగా ఊరి డప్పుకాడు. మా చెల్లెలి శవము ముందర వాయించినవాడు. ఆనాడు అతని చేతిలోని సిర్ర, చిటికెనపుల్ల యొక్క గంటసేపు ఆగలేదు. కూలి మేము వాకిట నిలిచి యిచ్చితిమి, గడపలోనికి రమ్మనలేదు. మాకంటె ఇరువదియేండ్లు పెద్ద. మమ్ము 'పటేలా' యనును, మేము 'ఏరా' యందుము. సంస్కరణమును గూర్చి మేము వ్రాసిన వ్యాసముల కట్ట బీరువాలో నున్నది.

అతడు వచ్చి అరుగు క్రింద కూలబడెను. మేనల్లుడు, "తాతా, పైకి వచ్చి కూసో" యని చేయిపట్టెను. ఈ యింటినుండి ఎవ్వరును అతనిని తాతా యని పిలిచి యెరుగరు. అతడు మా మొగము చూచెను. మేము తల యూపితిమి. మాట మాత్రము నోట రాలేదు. అరుగంచున సగము కూర్చుండెను.

పదునొకండు నిమిషములకు మించిన పెద్దపాట యొకటి వచ్చినది. అతని వ్రేళ్ళు మోకాటిపై దెబ్బ వేయసాగెను. దెబ్బకు దెబ్బకు నడుమనున్న ఎడము సరిగా పట్టెను. తీగ వదులుచేసిన కథ అల్లుడు చెప్పగా నవ్వి, "మేం మంటకు కాపి తోలు బిగిస్తం. ఆయన వదులు చేసిండా? గట్లనే గీ బరువొచ్చింది" అనెను. ఉపాధ్యాయులవారు అతనివైపు జరిగి కూర్చుండిరి.

కొంతసేపటికి అతడు అడిగెను. "పాడేటాయన ఇంట్ల ఎవరు సచ్చిన్రు బిడ్డా?"

"ఎవ్వరు సావలేదు తాతా. 2017ల ఆయన బిడ్డకు క్యాన్సరు వచ్చింది. అయిదేండ్ల పిల్ల. తర్వాత బాగయింది."

"బతికిందా?"

"బతికింది."

"మరి ఇంకెందుకు ఏడుస్తుండు?"

అల్లుడు చెప్పలేకపోయెను. మా తల్లి కన్నులు తెరవకయే, "భయం పోతదా?" అనెను. డప్పుకాడు తలయూపి, ఎడమకాలు గూడ అరుగుమీదికి తీసికొని, సరిగా కూర్చుండెను.

తరువాతి పాట మొదలైనది. మాకు అంతవరకును రాని యేడ్పు అప్పుడు వచ్చినది.