ఏ పేరుతో పిలిస్తే ఆ పేరుతో పలకాలి

కంప్యూటర్ గోల కదా అని పేజీ తిప్పేయకండి మిత్రులారా! ఇది నా తొందరపాటు కథ.

సర్వరుకు ఇచ్చిన సర్టిఫికెట్‌ను ఒక్కోసారి గడువు తీరకముందే రద్దు చేయవలసి వస్తుంది. "ఫలానా సర్టిఫికెట్ ఇంకా చెల్లుతుందా?" అని అడిగితే జవాబు చెప్పే పద్ధతే ఓసీఎస్‌పీ. ఇది 1999 నాటిది. అడిగే ప్రోగ్రాము, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరునూ, పబ్లిక్ కీనీ హ్యాష్ చేసి, సర్టిఫికెట్ నంబరు జతచేసి పంపుతుంది. హ్యాష్ అంటే ఎంత సమాచారాన్నయినా చిన్న వేలిముద్రగా మార్చే లెక్క అనుకోండి.

ఫైనలియర్ ప్రాజెక్టుగా మా కాలేజీ సర్వర్లకు అలా జవాబిచ్చే ప్రోగ్రాము రాశాను. ఇలాంటి ప్రశ్నల్లో పాతకాపు షా-1. 1995లో వచ్చింది, 160 బిట్లు. రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే షా-1 ముద్ర వచ్చేలా చేసి 2017లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ, గూగుల్ పరిశోధకులు చూపించారు. అది చదివి నాకు ఆవేశం వచ్చింది. షా-1 కనబడ్డ చోటల్లా కొట్టేసి షా-256 పెట్టాను.

మర్నాడు లైబ్రరీలో పాత కంప్యూటరు మొరాయించింది. నో-డ్యూస్ కోసం క్యూ మెట్లదాకా వచ్చింది. అది షా-1తో అడుగుతోంది, నా ప్రోగ్రాము షా-256తో పలుకుతోంది. సర్టిఫికెట్ ఒకటే అయినా, తానడిగిన గుర్తు జవాబులో లేదని అది తోసిపుచ్చుతోంది.

"ఆ తనిఖీ పీకి పారెయ్యరా, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు రూమ్మేటు. నిజం చెప్పొద్దూ, క్యూ చూసి నాకూ ఆ బుద్ధే పుట్టింది.

మాస్టారు కోప్పడలేదు. "షా-1 ఎక్కడ ఏం పని చేస్తోందో చూశావా?" అని మాత్రం అడిగారు. అప్పుడు చూశాను. ప్రశ్నలో అది వెతుక్కోవడానికి చిరునామా మాత్రమే. 2017 నాటి దెబ్బ అక్కడ పెద్దగా తగలదు. జవాబు మీది డిజిటల్ సంతకంలో ఉంటే మాత్రం దొంగ కాగితానికి అసలు సంతకం అతికే ప్రమాదం ఉంది. నేను రెంటినీ ఒకే గాటన కట్టేశాను!

రాత్రికి రాత్రే సరిదిద్దాను. షా-1తో అడిగితే షా-1 గుర్తుతో, షా-256తో అడిగితే షా-256 గుర్తుతో జవాబు. సంతకం మాత్రం ఎవరికైనా షా-256తోనే. ఆ పాత ప్రోగ్రాముకు అలాంటి సంతకం సరిచూడటం వచ్చు, అడగటమే రాదు. ముందే తయారుచేసి ఉంచే జవాబులు రెట్టింపయ్యాయి, అంతే. పొద్దున క్యూ కదిలింది.

2030 డిసెంబరు 31కల్లా షా-1ను పూర్తిగా వదిలెయ్యాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2022లో చెప్పింది. లైబ్రరీ కంప్యూటరు మార్చమని నేనూ అర్జీ పెట్టాను. అది మారేదాకా పాతవాళ్లను పాత పేరుతోనే పలకరిస్తాను, సంతకం దగ్గర మాత్రం మొహమాటపడను.