మాడిపోయిన బల్బు కోసం

భోగి ముందురోజు సాయంత్రం తెనాలి బజారులో నేను అడిగిన సరుకేమిటో ఎలక్ట్రికల్ షాపు కుర్రాడికి ఒక పట్టాన అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు.

"మాడిపోయిన బల్బు కావాలి బాబూ. పాతకాలంది, లోపల తీగ ఉండేది. పాలరంగు వేసింది వద్దు, లోపలంతా కనపడాలి."

"మంచిదే లేదు సార్, మాడింది ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?"

తప్పు అతనిది కాదు. పాత బల్బులు తీసుకుని ఎల్ఈడీలు చేతిలో పెట్టే ప్రభుత్వ పథకం వచ్చి వెళ్ళి అప్పటికి నాలుగైదేళ్ళు. ఇది 2019 సంక్రాంతి మాట. ఊరు ఊరంతా తెల్లటి వెలుతురుకి మారిపోయింది. మా చిన్నప్పుడు పెంటకుప్ప మీద కాలికి తగిలే వస్తువు కోసం నేను జేబులో ఐదొందల నోటు పెట్టుకుని నాలుగు షాపులు తిరిగాను. నాలుగో షాపాయన మాత్రం "పూజకా సార్?" అని అడిగాడు. ఏం పూజ అనుకున్నాడో ఆయనకే తెలియాలి.

అదంతా మా పెద్దమావయ్య కోసం.

మా అమ్మ పుట్టిల్లు తెనాలి. సినిమావాళ్ళలో చక్రపాణి, శారద ఆ ఊరివాళ్ళు, కృష్ణది పక్కనే బుర్రిపాలెం, గుమ్మడిది రావికంపాడు, జగ్గయ్యది మోరంపూడి. ఈ జాబితా నేను బళ్ళో చదువుకోలేదు. మావయ్య సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని, ఏ రోడ్డు ఏ నటుడి ఊరికి పోతుందో చెబుతూ తొక్కేవాడు. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు గానీ, ఆయన అసలు ఉద్యోగం సినిమాలు చూడటమే. మాయాబజార్ వచ్చిన 1957లో ఆయనకి పన్నెండేళ్ళు. నేల టికెట్లో ఎన్నిసార్లు చూశాడన్నది ఆయన మూడ్‌ని బట్టి మారుతూంటుంది. ఒకసారి పదకొండు, ఒకసారి పద్దెనిమిది.

అలాంటి మనిషికి పండక్కి ఏం పట్టుకెళ్ళాలి? పంచెల చాపు ఎలాగూ మా ఆవిడ కొంటుంది. నాది సినిమా కానుక. కొన్నేళ్ళపాటు వరసగా తప్పాను.

మొదటి తప్పు 2011లో. అంతకు ముందు ఏడాదే మాయాబజార్‌కి రంగులద్ది విడుదల చేశారు. దాని డీవీడీ తీసుకెళ్ళి, నేనేదో శశిరేఖనే వెంటబెట్టుకొచ్చినట్టు పోజు పెట్టాను. మావయ్య కుర్చీ ముందుకి జరుపుకుని కూర్చున్నాడు. పడవ పాట దాకా కిక్కురుమనలేదు. పాట మొదలైన నిమిషానికి, "బాగానే వేశారు రంగులు. మరి వెన్నెలేదిరా?" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో సృష్టించిన వెన్నెల అది. నలుపూ తెలుపూ మధ్య ఉన్న నూరు రకాల బూడిదరంగుల్లో ఉంటుంది దాని ప్రాణం. అక్కడ నీలం పూస్తే అది రాత్రే అవుతుంది గానీ వెన్నెల కాదని మావయ్య వాదన. రంగుల ప్రింటు నాకు నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. ఆ మాట ఆయన దగ్గర మాత్రం అనలేదు.

తర్వాతి ఏళ్ళ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. మూడొందల పాత సినిమాలు నింపిన హార్డ్ డిస్కు ఇస్తే "ఇవన్నీ ఫోన్లో వస్తున్నాయిగా" అన్నాడు. ఎస్వీ రంగారావు బొమ్మ ఉన్న గోడగడియారం వంటింట్లోకి పోయింది. అత్తయ్య పప్పు కుక్కరు విజిళ్ళకి ఘటోత్కచుడే సాక్షి. సినిమా చరిత్ర మీద లావుపాటి పుస్తకం ఇస్తే అందులో తప్పులు ఎర్రసిరాతో దిద్ది తిరిగి నాకే ఇచ్చాడు. ఆయన దగ్గర లేని సినిమా లేదు, ఆయనకి తెలియని సంగతి నేను తేలేను. ఇంకేం కొనేది?

దారి చూపింది అత్తయ్య, తనకి తెలియకుండానే.

హైదరాబాదులో ఆదివారం షాపులన్నీ మూసుకున్నాక ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఒకసారి అక్కడ కట్టలు కట్టలుగా పడున్న విజయచిత్ర పత్రికల కింద మూగమనసులు పాటల పుస్తకం దొరికింది. అరచేతిలో ఇమిడే సైజు, పిన్నులు తుప్పుపట్టి కాగితం మీద ఎర్రటి మరక దింపాయి. అప్పట్లో థియేటర్లో ఇంటర్వెల్లో పైసల్లెక్కన అమ్మినదానికి మూడొందలు చెప్పాడు. బేరమాడితే "మళ్ళీ దొరికితే అప్పుడు ఆడండి" అన్నాడు. నోరుమూసుకుని ఇచ్చాను.

మావయ్యకే అనుకుని తీసుకెళ్ళాను. కానీ దాన్ని అందుకున్నది అత్తయ్య. కొంగుతో చేతులు తుడుచుకుని మరీ అందుకుంది. 1964లో ఆ సినిమా వచ్చినప్పుడు ఆమెకి పదిహేనేళ్ళట. ఆడపిల్లల్ని సినిమాకి పంపే ఇల్లు కాదు. వాళ్ళ అన్నయ్య చూసొచ్చి, చెల్లెలి పోరు పడలేక పాటల పుస్తకం తెచ్చి ఇచ్చాడు. పాటలన్నీ కంఠతా పట్టింది. బాణీలు పక్కింటి రేడియోలో ఒక్కొక్కటే దొరకబుచ్చుకుంది. కథ మాత్రం ఆగిపోయింది. పాటల పుస్తకాల్లో కథ సగం దాకా చెప్పి, తర్వాత ఏమైందో వెండితెర మీద చూడమనేవాళ్ళు కదా.

"గోపీ సంగతి ఏమవుతుందో నాకు తెలీదబ్బాయ్. పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఎప్పటికో దూరదర్శన్‌లో వేస్తే చూశాను. అప్పటిదాకా నా గోపీ గోదాట్లో పడవ నడుపుతూనే ఉన్నాడు."

ముప్ఫై ఏళ్ళుగా ఎరిగిన మనిషి నోటి నుంచి ఈ మాట నేను అంతకు ముందు వినలేదు. మావయ్య కూడా వినలేదని ఆయన మొహం చూస్తే తెలిసింది. ఆ పూట సినిమా కబుర్లన్నీ అత్తయ్యే చెప్పింది, ఆయన అరిసె కొరుకుతూ విన్నాడు.

అప్పట్నుంచి నేను సినిమాలు కొనడం మానేసి, సినిమా చుట్టూ రాలిపోయిన వాటిని ఏరడం మొదలుపెట్టాను. డల్లాసులో ఉన్న మా మేనకోడలికి క్రిస్మస్ సెలవుల్లో పంపింది ఆ వరసలోదే. ఒకప్పుడు సినిమా బ్యానర్లు, కటౌట్లు వేసిన పెయింటరు ఒకాయన, ఫ్లెక్సీలొచ్చాక షట్టర్ల మీద అక్షరాలు రాసుకుంటున్నాడు. పిల్ల ఫొటో ఇచ్చి, నూరురోజుల బ్యానర్ మీద హీరోయిన్లా గుడ్డ మీద వెయ్యమన్నాను. ఫొటో మీద గడులు గీసి, గుడ్డ మీద గడులు గీసి, బుగ్గలకి గులాబీ, నీడలకి నీలం పూసి అచ్చం పాతకాలంలాగే దింపాడు. ఒకటే ఇబ్బంది. ఆయన చెయ్యి ఇరవై ఏళ్ళు వేసిన ముక్కు ఇంకోటుంది, అదే వచ్చి కూర్చుంది. పిల్ల హాల్లో కట్టుకుంది. వచ్చినవాళ్ళు "ఈ హీరోయిన్ ఎవరు?" అని అడుగుతారట.

ఇక మావయ్య కోసం వెతికిన ఫిల్ము ముక్క సంగతి.

మా చిన్నప్పుడు ఇంట్లోనే సినిమా వేసేవాళ్ళం. ఈ విద్య నాకు నేర్పింది పెద్దమావయ్యే. మాడిపోయిన బల్బు మూతి దగ్గర నల్లటి భాగం పట్టకారుతో నలిపి తీసేసి, లోపలి గాజుకాడని మెల్లగా తట్టి విరగ్గొట్టి, తీగతో సహా దులిపెయ్యాలి. అందులో నిండా నీళ్ళు పోస్తే అది భూతద్దం. చెప్పుల డబ్బాకి ఎదురెదురుగా రెండు కన్నాలు పెట్టి, ఒక కన్నం దగ్గర ఫిల్ము, రెండో దాని దగ్గర బల్బు. ఫిల్ముని తలకిందులుగా పెట్టాలి, లేకపోతే గోడ మీద హీరో శీర్షాసనం వేస్తాడు. బయట ఎండలో ఒకడు అద్దం పట్టుకుని, తలుపు సందులోంచి వెలుతురు డబ్బా మీద కొట్టాలి. చీకటి గదిలో తాతయ్య పంచె మీద బొమ్మ. కదలదు, మాట్లాడదు. అయినా ఈలలు వేసేవాళ్ళం. టికెట్టు రెండు చింతపిక్కలు.

ఫిల్ము ముక్కలు థియేటర్ వెనకాల దొరికేవి. రీలు తెగినప్పుడల్లా ఆపరేటరు రెండు కొసలూ కత్తిరించి, పైపూత గీకి, జిగురు పెట్టి అతికించేవాడు. తీసేసిన ముక్క కిటికీలోంచి కిందికి. ప్రింటు ఎంత అరిగితే మాకంత పండగ.

ఈసారి మావయ్యకి ఆ ఇంటి సినిమానే ఇద్దామనుకున్నాను. ముందు ఫిల్ము దొరకాలి. సినిమాలు శాటిలైటు మీంచి దిగడం మొదలయ్యాక రీళ్ళు మాయమయ్యాయి. మా స్నేహితుడి ద్వారా పక్క ఊళ్ళో ఒక పాత ఆపరేటరు ఆచూకీ తెలిసింది. ఆయన పనిచేసిన హాలు ఇప్పుడు కల్యాణమండపం. ఇంటికెళితే మంచం కింద నుంచి బిస్కెట్ల డబ్బా లాగాడు. మూత తియ్యగానే వెనిగర్ సీసా ఒలికినట్టు ఘాటైన వాసన. పాతబడ్డ ఫిల్ము కుళ్ళే తీరు అదేనట.

"చాలామటుకు కిలోల్లెక్కన పోయిందండీ," అన్నాడాయన. "నలుపు తెలుపు ఫిల్ములో ఆ నలుపంతా వెండేగా. కరిగించి వెండి తీసుకునేవాళ్ళు."

ఆ మాటకి నా నోరు కాసేపు పెగల్లేదు. ఆయన మాత్రం డబ్బాలో చెయ్యి పెట్టి కెలుకుతూ, దాదాపు రెండడుగుల నలుపు తెలుపు ముక్క ఒకటి తీశాడు. ఏ సినిమాదో గుర్తులేదన్నాడు. కొసరుగా రాగిపూత పూసిన కార్బన్ కడ్డీ ముక్క, చుట్టముక్కంతది, చేతిలో పెట్టాడు. అలాంటి రెండు కడ్డీల మధ్య మంట పుట్టించే తెర మీదికి వెలుగు పంపేవాళ్ళు. డబ్బులు వద్దన్నాడు. టీకని రెండొందలిస్తే జేబులో పెట్టుకున్నాడు.

అడుగు ఫిల్ముకి పదహారు బొమ్మలు. సెకనుకి ఇరవై నాలుగు నడుస్తాయి. అంటే నేను పట్టుకెళుతున్న సినిమా నిడివి సెకనూ మూడోవంతు.

బల్బు చివరికి ఎక్కడ దొరికిందంటే, బేకరీలో. పఫ్‌లు వేడిగా ఉండటానికి అద్దాల పెట్టెలో ఇంకా తీగబల్బే పెడతారు. మాడినది ఒకటి అరమీదే ఉంది. బేకరీ యజమాని దాన్ని తువ్వాలుతో తుడిచి, కాగితంలో చుట్టి, "ఎందుకండీ?" అన్నాడు. "సినిమా వెయ్యడానికి," అన్నాను. ఆయనకీ అరవై దాటి ఉంటాయి. "అద్దం పెద్దది పెట్టండి, చిన్నదైతే వెలుగు చాలదు," అన్నాడు.

పండగ రోజు మధ్యాహ్నం ఆట. బల్బు కాడ విరగ్గొట్టేటప్పుడు చూపుడువేలు తెగింది. అత్తయ్య పసుపు అద్దుతూ, ఈ వయసులో ఇవేం పనులని తిట్టింది. మావయ్య మనవడు అరుగు మీద అద్దంతో నిలబడ్డాడు. గది తలుపులు వేశాం. పంచె కొత్తది, మా ఆవిడ కొన్నదే. మావయ్యకి ఏం చెయ్యబోతున్నామో చెప్పలేదు. కానీ డబ్బా చూడగానే ఆయన లేచొచ్చి, నన్ను పక్కకి జరిపి, ఫిల్ము తలకిందులు చేసి తనే పెట్టాడు.

పంచె మీద మెట్లు కనిపించాయి. మెలి తిరిగిన చెక్కమెట్లు, పైకి వెళుతున్న ఒక మనిషి వీపు, భుజం మీద ఉత్తరీయం. మొహం లేదు. మావయ్య ముక్కని కొంచెం కొంచెంగా జరిపాడు. మళ్ళీ మెట్లు, మళ్ళీ అదే వీపు. ముప్ఫై రెండు బొమ్మల్లో ఆ మనిషి ఒక్క మెట్టు ఎక్కాడు.

"వాహినీ వాళ్ళ సెట్టు," అన్నాడు మావయ్య.

"కాదన్నయ్యా, అంత వంపు వాహినీ మెట్లకి ఉండదు," అన్నాడు చిన్నమావయ్య.

ఇక పులిహోర చల్లారిపోయింది. ఆ వీపు నాగయ్యదని ఒకరు, ముక్కామలదని ఒకరు. నడక చూస్తే తెలుస్తుందని ఒకరు, ఒక్క మెట్టులో నడకేమిటని ఇంకొకరు. ఇద్దరూ కలిసి గట్టిగా అరుచుకుని ఎన్నేళ్ళయిందో అని అత్తయ్య నవ్వుతోంది. సాయంత్రం నేను కృతజ్ఞతలు చెబుదామని ఆపరేటరుకి ఫోన్ చేశాను. ఆయన మామూలుగానే, "ఆ డబ్బాలోదాండీ? అందులో సగం ఇంటర్వెల్ యాడ్‌లే ఉంటాయండీ," అన్నాడు.

దాచలేక మావయ్యతో చెప్పేశాను. చిన్నమావయ్య పకపకా నవ్వాడు. తలనొప్పి మాత్రల యాడ్ అయ్యుంటుందని, అందుకే మెట్లెక్కేవాడి మొహం చూపించలేదని కథ అల్లాడు. మావయ్య నవ్వలేదు.

"కుడివైపు పైమూల చుక్క చూశాన్నేను," అన్నాడు నెమ్మదిగా. "నాలుగు బొమ్మల్లో ఉంది. రీలు అయిపోయే ముందు, రెండో ప్రొజెక్టరుకి మార్చమని ఆపరేటరుకి వేసే చుక్క. యాడ్‌కి చుక్క ఎందుకుంటుందిరా?"

"అది చుక్క కాదు, బూజు," అన్నాడు తమ్ముడు.

తేల్చుకుందామంటే ఎండ లేదు. టార్చి వెలుగు సరిపోలేదు, ఫోను లైటు అసలే పనికిరాలేదు. ఫిల్ముని చేత్తో పట్టుకుని ట్యూబులైటు కింద చూద్దామంటే ఇద్దరికీ శుక్లాల ఆపరేషన్లు అయ్యాయి, నా కళ్ళజోడు వాళ్ళు నమ్మరు.

మర్నాడు కనుమ. కాకి కూడా కదలని రోజు కాబట్టి నా ప్రయాణం ఎలాగూ లేదు. తొమ్మిదిన్నరకి పక్కమీంచి లేచొచ్చేసరికి మావయ్య స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, అద్దం ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఎదురుగా కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటు నీడ ఇంకా గుమ్మం దాటలేదు. చిన్నమావయ్య పక్కనే పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు.

"పదింబావుకి వస్తుంది ఎండ," అన్నాడు మావయ్య నన్ను చూసి. "నువ్వెళ్ళి బల్బులో నీళ్ళు మార్చు. నిన్న బుడగ ఉండిపోయింది."