మంజీరా తీరమున మొసళ్లు

జీడిమెట్ల కార్ఖానాల రొదకు చెవులు మరగిన కుత్బుల్లాపూరు కాపురస్థులము మేము. గడచిన పుష్యమాసమున నొక యాదివారమునాడు, నిశ్శబ్దమనిన నెట్టిదో పిల్లలకు చూపవలెనని మంజీరానదికి బయలుదేరితిమి. గండిమైసమ్మ, పటాన్‌చెరువు, సంగారెడ్డిమీదుగా కల్పగూరు చేరునప్పటికి జాము ప్రొద్దెక్కెను. అచ్చట ఆనకట్ట వెనుక నిలిచిన నీరు హైదరాబాదు నగరమునకు త్రాగునీరగుచున్నది. మొసళ్లకు నెలవైన యా జలాశయమునే 1978లో అభయారణ్యముగా నేర్పఱచిరి.

నీటినడుమ నొక దిబ్బమీద పెద్ద మొసలి నోరు తెఱచికొని యెండ కాగుచుండెను. ఎంతసేపు చూచినను కదలదు. "అమ్మా, అది బ్రదికియున్నదా?" యని మా చిన్నవాడు ఱాయి చేతబట్టెను. నేను వాని చేయి పట్టుకొని, "కదలనిదానికి బెదురు లేదనుకొనకు, నాయనా" యంటిని.

గజేంద్రమోక్షము వినిన మనకు మొసలి యనిన బలమే స్ఫురించును. ఆ బలము దాని రక్తమునందును గలదు. అమెరికాదేశపు మొసలిజాతియగు ఆలిగేటరు రక్తరసము పలువిధములగు సూక్ష్మజీవులను చంపునని 2003లో మర్చెంటు మొదలగువారు ప్రకటించిరి. బురదనీటిలో పోరాడి గాయపడియు నవి బ్రదుకుటకు నిదియొక కారణము.

అట్టి జంతువునుగూడ దీర్ఘమైన బెదురు లోలోపల క్రుంగదీయును. భయము కలిగినతోడనే మూత్రపిండములకడ నున్న గ్రంథులు కార్టికోస్టిరోను అను హార్మోనును రక్తములోనికి విడుచును. అది దేహమునకు చక్కెరను సమకూర్చి, పాఱిపోవుటకో పోరాడుటకో శక్తి నిచ్చును. ఆపద గడచి హార్మోను తగ్గినచో మేలే. తగ్గక నిలిచినచో కీడు. లాన్సు, ఎల్సీ యను శాస్త్రజ్ఞులు పట్టి కట్టిన మగ ఆలిగేటరులయందు కార్టికోస్టిరోను పెరుగగా, కొన్ని గంటలలోనే పురుషహార్మోను తగ్గెనని 1986లో తెలిపిరి. ఇఱుకుగా పెంచిన పిల్లలయందు ఆ హార్మోను హెచ్చుగా నుండెననియు, అవి సరిగా పెరుగలేదనియు 1990లో వెల్లడియయ్యెను. అదే హార్మోనును పిల్లల శరీరమున చిరకాలముంచి చూడగా, పెరుగుదల కుంటుపడుటయేగాక, రోగములనెదుర్కొను లింఫోసైటులను తెల్లకణములును తగ్గినవని 1997లో తేలినది.

ఇన్ని జరుగుచున్నను పైకి మొసలి రాతివలెనే యుండును, ఏడువదు, అఱవదు. మన యిండ్లలోను నోరెత్తక సహించువారిని గట్టివారని తలచి, మఱికొంత బరువు మోపుట లేదా? సహనమును క్షేమమని భ్రమించుట మనుష్యులయెడను తప్పే, మృగములయెడను తప్పే.

అచ్చటికి పోవు సోదరీమణులు పిల్లలకు ముందుగానే బుద్ధి చెప్పవలెను. ఱాళ్లు రువ్వరాదు, కేకలు వేయరాదు, తిండి విసరరాదు, దూరమునుండియే చూడవలెను. చలి వెనుకబట్టిన పిదప ఆడుమొసళ్లు ఒడ్డున గోతులు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. పిల్లలు వెలువడుటకు సుమారు రెండు నెలలు పట్టును. తల్లి గూటికి కావలియుండు నా దినములలో ఒడ్డును త్రొక్కకుండుట మఱింత యవసరము.

మా చిన్నవాడు ఱాయిని మెల్లగా నేలమీద నుంచి కూర్చుండెను. కొంతసేపటికి మొసలి నోరు మూసికొని, తనంతట తానే నీటిలోనికి జాఱెను. "బ్రదికియే యున్నదమ్మా!" యని వాడు నా చెవిలో గుసగుసలాడెను.